జపనీస్ నేర్పే గురువులు మన దగ్గరే తయారవ్వాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలు వచ్చాక తిరుపతి, చిత్తూరు జిల్లాల కాలేజీలు జపనీస్ కోర్సు పెట్టాలని చూస్తున్నాయి. పిల్లలు సిద్ధంగానే ఉన్నారు. చెప్పేవాళ్ల కోసం మాత్రం చెన్నై వైపో, బెంగళూరు వైపో చూడాల్సి వస్తోంది. ఈ విషయంపైనే ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: బీకాం చదివాను, జేఎల్‌పీటీ ఎన్3 పాసయ్యాను. ఇక్కడి డిగ్రీ కాలేజీ ఒకటి వారానికి ఐదు గంటలు జపనీస్ చెప్పమంటోంది. నాకు ఆ అర్హత ఉన్నట్టేనా? టీచర్ ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష; అందులో ఎన్5 అన్నిటికన్నా కింది మెట్టు, ఎన్1 పై మెట్టు. ఎన్5 చెప్పడానికి ఎన్3 చాలు. ఎన్4 మొదలుపెట్టే నాటికి మీరు ఎన్2 దాటి ఉండాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నిబంధన కాదు. చెప్పే స్థాయి కంటే రెండు మెట్లు పైన ఉంటేనే, పుస్తకంలో లేని ప్రశ్న ఎదురైనప్పుడు తడబడకుండా ఉంటారని మేం పెట్టుకున్న లెక్క.

అయితే జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, సొంతంగా రాసే పరీక్షా లేదు. ఇచ్చిన వాటిలో సరైనది గుర్తించడమే. అందుకే ఎన్3 సర్టిఫికెట్ ఉన్నా ఐదు నిమిషాలు జపనీస్‌లో ఆగకుండా మాట్లాడలేనివాళ్లు కనిపిస్తారు. కాలేజీకి సరేననే ముందు ఫోన్ ఎదురుగా పెట్టుకుని పది నిమిషాల పాఠం చెప్పి రికార్డు చేసుకోండి. వినండి, అందరూ కలిసి చెప్పండి, ఇంకోసారి, పక్కవాళ్లను అడగండి, పుస్తకం మూసేయండి... తరగతిలో రోజూ వాడే ఇలాంటి మాటలు ఒక ముప్పై ఉంటాయి. వాటిని తెలుగులోకి జారకుండా అనగలిగితే మొదటి బ్యాచ్ తీసుకోండి. లేకపోతే ఒక నెల గడువు అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

శిక్షణ సంగతి. 2017 సెప్టెంబరులో భారత్, జపాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఐదేళ్లలో మన దేశంలోని 100 ఉన్నత విద్యాసంస్థల్లో జపనీస్ కోర్సులు పెట్టాలని, 1,000 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే న్యూఢిల్లీలో జపనీస్ ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. మీలాగా కొత్తగా బోధనలోకి వచ్చేవాళ్లు ముందుగా చూడాల్సిన చోటు అదే. విదేశాల్లో జపనీస్ బోధనకు సాయపడే జపాన్ ఫౌండేషన్ అనే సంస్థ న్యూఢిల్లీ కార్యాలయం ప్రకటనలను నెలకోసారైనా చూస్తూ ఉండండి.

ఆ పై మెట్టు ఉరావా. జపాన్‌లో సైతామా ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటిది)లో ఉన్న ఈ భాషా శిక్షణ సంస్థను 1989లో జపాన్ ఫౌండేషన్ నెలకొల్పింది. వేర్వేరు దేశాల్లో జపనీస్ నేర్పే స్థానిక ఉపాధ్యాయులను అక్కడే ఉంచి భాష, బోధనా పద్ధతి, అక్కడి జీవితం మూడూ నేర్పుతారు. అప్పటికే బోధనలో ఉన్నవాళ్ల కోసం నడిచే శిక్షణ ఇది, పనిచేసే సంస్థ మద్దతు కూడా ఉండాలి. కాబట్టి మొదటి రోజు నుంచే నియామక పత్రం, చెప్పిన గంటల వివరం, హాజరు పట్టికలు జాగ్రత్త చేసుకోండి. నోటి మాట మీద పార్ట్‌టైంగా చేరి, మూడేళ్ల తర్వాత అనుభవ పత్రం చూపించలేక ఆగిపోవడం మన దగ్గర మామూలైపోయింది.

రెండు పొరపాట్లు చేయకండి. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల్లో 'టీచర్ ట్రైనింగ్' అని ఒకటి ఉంది. అది జపనీస్ నేర్పేవాళ్ల కోసం కాదు. ఐదేళ్ల సర్వీసున్న బడిపంతుళ్లు అక్కడి విశ్వవిద్యాలయాల్లో విద్యాబోధన గురించి చదువుకోవడానికి ఇచ్చేది. పేరు చూసి దరఖాస్తు చేసి ఏడాది పోగొట్టుకోవద్దు. రెండోది, జపాన్‌లో 2024 ఏప్రిల్ నుంచి జపనీస్ ఉపాధ్యాయులకు 'రిజిస్టర్డ్' అనే జాతీయ అర్హత వచ్చింది. అక్కడి ప్రభుత్వ గుర్తింపు పొందిన భాషా పాఠశాలల్లో చెప్పడానికి అది కావాలి. తిరుపతిలో చెప్పడానికి అవసరం లేదు. అది తప్పనిసరి అని చెప్పి వేలకు వేలు ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఢిల్లీ, ఉరావా ఎప్పటికో. ఈలోగా మీ చుట్టుపక్కల జపనీస్ చెబుతున్నవాళ్లు ముగ్గురు నలుగురు దొరికినా చాలు, నెలకోసారి కూర్చోండి. ఒకరు పదిహేను నిమిషాల నమూనా పాఠం చెప్పాలి, మిగతావాళ్లు విద్యార్థులు కావాలి. జపనీస్ బోధనలో దీన్ని 'మోగి జుగ్యో' అంటారు, శిక్షణలో సగం బలం దీనిదే. పాఠానికి ముందు ఒక పేజీ పథకం రాయండి: ఈ పాఠం అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి, కొత్త మాటలు ఎన్ని, ఏ అడుగుకు ఎన్ని నిమిషాలు. పాఠం రికార్డు చేసి, గురువు ఎంతసేపు మాట్లాడారో, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారో గడియారంతో కొలవండి. మొదట్లో గురువు మాటే ముప్పావు వంతు ఉంటుంది. సగానికి దించడం మీ మొదటి పని.

ప్రశ్న: మా కాలేజీలో జపనీస్ యాడ్-ఆన్ కోర్సు పెట్టాలనుకుంటున్నాం. ఎన్ని గంటలు పడుతుంది? జూలైలో మొదలుపెట్టి డిసెంబరు పరీక్షకు పంపించవచ్చా?
— ఒక కరస్పాండెంట్, చిత్తూరు

పంపించకండి. ఎన్5కు ఈనాటికీ నమ్మదగిన కొలత సుమారు 150 గంటలు. 2010కి ముందున్న పాత పరీక్షలో అన్నిటికన్నా కింది స్థాయికి ప్రకటించిన లెక్క అదే: 150 గంటలు, 800 మాటలు, 100 కంజి (చైనా నుంచి వచ్చిన గుర్తులు). కొత్త పద్ధతిలో అధికారికంగా జాబితాలు ఇవ్వడం మానేశారు గానీ, తరగతి గదిలో ఆ లెక్క ఇంకా నిలబడుతోంది.

వారానికి ఐదు గంటల చొప్పున 16 వారాల సెమిస్టర్‌కు 80 గంటలు వస్తాయి. రెండు సెమిస్టర్లకు 160. అంటే జూలైలో చేరిన పిల్లలు వచ్చే జూలై పరీక్ష రాయాలి. మన దేశంలో జేఎల్‌పీటీ ఏటా రెండుసార్లు, జూలైలోనూ డిసెంబరులోనూ ఆదివారం జరుగుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఏప్రిల్‌లో తరగతులు అయిపోతాయి, మే అంతా సెలవులు. రెండు నెలలు పుస్తకం ముట్టని పిల్లవాడు జూలైలో కతకాన లిపి కూడా గుర్తు తెచ్చుకోలేడు. జూన్‌లో వారానికి రెండు రివిజన్ క్లాసులు ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టండి, ఆ గంటలకు గురువుకు డబ్బు కూడా కేటాయించండి. దరఖాస్తులు పరీక్షకు సుమారు మూడు నెలల ముందే ముగుస్తాయి, సీట్లు నిండితే ఇంకా ముందే ఆగిపోవచ్చు. మీకు దగ్గరి కేంద్రం చెన్నై. ముందు రోజు సాయంత్రమే పిల్లలను అక్కడికి చేర్చండి. తెల్లవారుజామున బయల్దేరి వెళ్లినవాళ్లు వినికిడి భాగానికి వచ్చేసరికి అలసిపోతారు.

ఎన్5లో మాటలకు 20 నిమిషాలు, వ్యాకరణం, పఠనానికి 40, వినికిడికి 30. 180కి 80 వస్తే పాస్. మొత్తం చాలినా, భాషాజ్ఞానం, పఠనం కలిపి 120కి 38, వినికిడిలో 60కి 19 విడివిడిగా రావాలి. వినికిడిలో ఆ 19 దాటక ఫెయిలయ్యే పిల్లలు ఉంటారు. ఫోన్ స్పీకర్ మీద వినిపించి వదిలేసిన తరగతుల్లో ఇది ఎక్కువ. గదికి ఒక మంచి స్పీకర్ కొనండి. ప్రొజెక్టర్ కంటే అదే ముఖ్యం.

పుస్తకం విషయంలో రెండు దారులు. 'మిన్నా నో నిహొంగొ' మొదటి భాగంలో 25 పాఠాలు. పాఠానికి ఆరు గంటల చొప్పున 150 గంటలు, లిపికి ఇంకో పదిహేను కలుపుకోండి. వ్యాకరణం వరుసగా కట్టుదిట్టంగా వస్తుంది, పరీక్షకు అనుకూలం. జపాన్ ఫౌండేషన్ వాళ్ల 'ఇరొదొరి' ఉచితం, ఆడియోతో సహా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అక్కడికి పనికి వెళ్లేవాడికి బతుకుతెరువు భాష నేర్పుతుంది. డిగ్రీ పిల్లలకు మొదటిది వెన్నెముకగా పెట్టి, రెండోదాన్ని వినికిడికి, సంభాషణకు వాడుకోమని మా సలహా.

బ్యాచ్‌కు 25 మంది దాటొద్దు. హిరగాన, కతకాన అనే రెండు లిపుల అక్షరాలు 46 చొప్పున అట్టముక్కల మీద పెద్దగా రాసిన రెండు సెట్లు, గళ్ల నోట్‌బుక్కులు, ఒక తెల్లబోర్డు చాలు. కతకాన దగ్గర పిల్లలు జారిపోతారు. హిరగాన అయిన వెంటనే అదే వేగంతో మరో 46 మీద పడేస్తే ఐదో వారానికి తరగతి సగమవుతుంది. హిరగాన అయ్యాక మూడు పాఠాలు చెప్పి, కతకానను రోజుకు ఐదేసి చొప్పున వాటితో కలిపి ఇవ్వండి.

ప్రశ్న: మా విద్యార్థులు రోమన్ అక్షరాలు చూసి చదువుతూ ఉచ్చారణ పాడు చేసుకుంటున్నారు. తెలుగులో రాసి చెప్పవచ్చా? జపాన్ వాళ్లు ఒప్పుకోరేమో!
— ఒక అధ్యాపకుడు, శ్రీకాళహస్తి

తెలుగులో రాయండి. మొదటి మూడు వారాలు మాత్రమే రాయండి, తర్వాత తుడిచేయండి. రోమన్ అక్షరాలు చూడగానే మన పిల్లల నోట ఇంగ్లిష్ పలుకుతుంది. 'త' రాయాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తే 'ట' అంటారు. జపనీస్‌లో ట, డ లేవు. అన్నీ త, ద. టెలివిజన్‌ను వాళ్లు 'తెరెబి' అంటారు, మనవాళ్లు 'టెరెబి' అంటే చెవికి వేరుగా తగులుతుంది.

అసలు హిరగాన వరుసే మన వర్ణమాల వరుస. అ, క, స, త, న, హ, మ, య, ర, వ. 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో సంస్కృతం చదువుకున్న జపాన్ బౌద్ధ పండితుల ప్రభావంతో వచ్చిన క్రమం అది. స ఉన్నచోట పూర్వం చకారానికి దగ్గరి ధ్వని, హ ఉన్నచోట పకారం ఉండేవి. అలా చూస్తే క చ త ప వరుస తేటగా కనబడుతుంది. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊరి పక్కన పిల్లలకు ఇది చెబితే చార్టు బట్టీ పట్టే భారం ఒక్క పూటలో సగం తగ్గుతుంది.

తెలుగువాళ్లకు కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. ఇంగ్లిష్ వాళ్లు నెలల తరబడి సాధన చేసే 'త్సు' మనకు చుక్క, చుట్టం అనే మాటల్లోని దంత్య చకారం. 'జు' మన జున్నులోని జకారం. 'న్' అక్షరం అచ్చంగా మన సున్నలాగే తర్వాతి హల్లును బట్టి మారుతుంది, కంప, కంకి, కంద అన్నట్టు. మన సున్న దగ్గర లేని చిక్కు ఒకటి అక్కడ ఉంది. దాని తర్వాత అచ్చు వస్తే కలపకూడదు. 'కిన్‌-ఎన్' అంటే పొగతాగరాదు. కలిపి 'కినెన్' అంటే స్మారకం. ఆ ఒక్క చోట వేలితో బల్ల మీద తట్టి పలికించండి.

హ్రస్వ దీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చినవే. 'ఒబసన్' పిన్ని వయసు మనిషి, 'ఒబాసన్' అవ్వ. 'బిరు' పెద్ద భవనం, 'బీరు' తాగేది. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. ఇవి తెలుగు లిపిలో రాస్తే ఒక్కసారికే పడతాయి. మాట చివరి దీర్ఘం దగ్గర మాత్రం మనవాళ్లు దెబ్బ తింటారు, తెలుగు మాటలు మామూలుగా హ్రస్వంతో ముగుస్తాయి కాబట్టి. బడి అనే అర్థమున్న 'గక్కో'లో చివరి ఓ, గురువు అనే 'సెన్సే'లో చివరి ఏ సగానికి తెగిపోతాయి. తెగిందని పిల్లవాడికి తెలియదు. రికార్డు చేసి వినిపించండి, అసలు ఆడియో పక్కన పెట్టి వినిపించండి.

ఇక జపాన్ వాళ్లు ఒప్పుకోవడం గురించి. 2021లో జపాన్ ఫౌండేషన్ సర్వే ప్రకారం జపాన్ బయట 141 దేశాలు, ప్రాంతాల్లో సుమారు 38 లక్షల మంది జపనీస్ నేర్చుకుంటున్నారు. అంతమందికీ జపాన్ నుంచి గురువులను పంపడం ఎవరి వల్లా కాదు. స్థానిక ఉపాధ్యాయుల శిక్షణ మీద వాళ్లు ఇంత ఖర్చు పెట్టేది మీలాంటివాళ్లు స్థానిక భాష బలాన్ని వాడుకుంటారనే.

ప్రశ్న: ఎన్నిసార్లు చెప్పినా 'ని', 'దె' తేడా రావడం లేదు. తెలుగువాళ్లు చేసే తప్పులకు విడిగా మందు ఏమైనా ఉందా?
— ఒక టీచర్, పుత్తూరు

ఉంది. తప్పు ఎక్కడ పుడుతోందో తెలుగులోనే వెతకండి. 'తిరుపతిలో ఉన్నాను', 'తిరుపతిలో చదువుకుంటున్నాను' రెండిటికీ మనకు 'లో' ఒక్కటే. జపనీస్‌లో ఉనికికి 'ని', పని జరిగే చోటుకు 'దె'. కాబట్టి 'ని అంటే లో, దె అంటే లో' అని బోర్డు మీద రాసిన రోజే తప్పు నాటేసినట్టు. విభక్తికి అర్థం రాయకండి, క్రియతో కలిపి జంటగా ఇవ్వండి: 'ని ఇమస్' (ఉన్నాను), 'దె బెన్‌క్యో షిమస్' (చదువుతాను), 'దె తబెమస్' (తింటాను). నివసించడం మాత్రం పనిలా కనిపిస్తూనే 'ని' తీసుకుంటుంది, 'తిరుపతి ని సుందె ఇమస్'. ఆ వాక్యాన్ని ప్రతి పిల్లవాడూ తన ఊరి పేరుతో చెప్పాలి.

తర్వాతది 'ఒ'. 'పుస్తకం చదివాను' అంటాం, 'పుస్తకాన్ని' అనం. ప్రాణం లేనివాటికి కర్మ విభక్తి వదిలేయడం మన అలవాటు, అందుకే 'హొన్ ఒ యొమిమస్'లో 'ఒ' ఎగిరిపోతుంది. 'నాకు జపనీస్ అర్థమవుతుంది' అనేదాన్ని మక్కీకి మక్కీ దించి 'వతషి ని' అంటారు. తొలి స్థాయిలో 'వతషి వ నిహొంగొ గ వకరిమస్' అనే నేర్పండి. 'ఇచ్చు' మనకు ఒక్కటే మాట. వాళ్లకు నేను ఇతరులకిస్తే 'అగెరు', ఇతరులు నాకిస్తే 'కురెరు'. దీన్ని బోర్డు మీద బాణం గుర్తులతో చెప్పినా రాదు. ఒక పెన్ను తీసుకుని నిజంగా చేతులు మార్పించండి, నాకు వచ్చినప్పుడల్లా 'కురెమషిత'.

'తె ఇరు' ఇంకా ప్రమాదం. 'తూ ఉన్నాను' అని ఒక్క అర్థం చెప్పి వదిలేస్తే, 'కెక్కొన్ షితె ఇమస్' అన్నప్పుడు 'పెళ్లి చేసుకుంటున్నాను' అనుకుంటారు. దాని అర్థం 'పెళ్లయింది'. 'కితె ఇమస్' అంటే 'వచ్చి ఉన్నారు'. తెలుగులోనూ 'వస్తూ ఉన్నారు', 'వచ్చి ఉన్నారు' అనే రెండు రూపాలున్నాయిగా! రెండూ మొదటి రోజే చూపించండి.

తప్పుల గురించి ఇంత చెప్పాక, లాభాల గురించి చెప్పకపోతే అన్యాయం. 'తబెతె మిమస్' అక్షరాలా 'తిని చూస్తాను'. 'కత్తె ఒకిమస్' 'కొని పెడతాను'. 'వసురెతె షిమైమషిత' మన 'మరిచిపోయాను', ఆ 'పోయాను' సహా. 'కురు తొ ఇఇమషిత' 'వస్తానని అన్నాడు'. 'కినో కత్త హొన్' 'నిన్న కొన్న పుస్తకం', మాట తర్వాత మాట అదే వరుస. ఇంగ్లిష్ మాధ్యమంలో రాసిన వ్యాకరణ పుస్తకాలు వీటికి పేజీలు పేజీలు కేటాయిస్తాయి. మీ తరగతిలో ఒక్కోదానికి ఐదు నిమిషాలు చాలు. మిగిలిన సమయమంతా 'తె' రూపం ఎలా తయారవుతుందో దాని మీద పెట్టండి: కకు కైతె అవుతుంది, యొము యొందె అవుతుంది, కౌ కత్తె అవుతుంది, ఇకు మాత్రం పద్ధతి తప్పి ఇత్తె అవుతుంది. అర్థం సులువని ఇక్కడ తొందరపడిన తరగతులు తర్వాత పది పాఠాలు కుంటుతాయి.

ఇంకొకటి, మర్యాద. మనం బయటివాళ్లతో 'మా నాన్నగారు' అంటాం. జపనీస్‌లో బయటివాళ్ల ముందు మన నాన్న 'చిచి', ఎదుటివారి నాన్న 'ఒతోసన్'. ఆఫీసులోనూ అంతే. బయటి కంపెనీ నుంచి ఫోన్ వస్తే మన మేనేజరు పేరుకు 'సన్' (గారు) తగిలించకూడదు. పెద్దలను గౌరవించమని పెరిగిన పిల్లలకు ఇది నోటికి రాదు. నాటకంలా వేషాలు వేయించి సాధన చేయించండి.

ప్రశ్న: శ్రీసిటీలో పనిచేసే జపాన్ ఇంజినీరు ఒకరు శనివారాలు వచ్చి మా శిక్షణ కేంద్రంలో చెబుతానన్నారు. ఇక మాకు లోకల్ టీచర్ అవసరం ఉంటుందా?
— ఒక నిర్వాహకుడు, సత్యవేడు

ఇంకా ఎక్కువ అవసరం. తెలుగు పుట్టుకతో వచ్చినంత మాత్రాన 'ఇంటికి', 'ఇల్లుకు' ఎందుకు వేరో మనలో ఎంతమంది చెప్పగలరు? ఆయన పరిస్థితీ అదే. వ్యాకరణం అడిగి ఆయన్ను ఇబ్బంది పెట్టకండి. ఆయన దగ్గర మీ టీచరుకు లేని సహజమైన మాట ఉంది. దాన్ని వాడుకోండి.

పద్ధతి ఇది. మూడు రోజుల ముందు ఆయనకు ఒక పేజీ పంపండి: ఈ వారం పిల్లలకు వచ్చిన మాటలు, వాక్య నిర్మాణాలు, ఇంకా రానివి. 40 నిమిషాలకు మించి పెట్టొద్దు. ఐదుగురేసి గుంపులు చేసి, ఆయన ఒక్కో గుంపు దగ్గర ఎనిమిది నిమిషాలు కూర్చుంటారు; పిల్లలు ఆయన్ను ప్రశ్నలడగాలి, జవాబు రాసుకోవాలి. మిగతా గుంపులను మీ టీచరు చూసుకుంటారు. టీచరు గది వదిలి వెళ్లకూడదు. అయ్యాక పది నిమిషాలు ఇద్దరూ కూర్చుని ఎక్కడ అర్థం కాలేదో మాట్లాడుకుంటే, ఆ పది నిమిషాలు మీ టీచరుకు ఉచిత శిక్షణ.

వేగంగా మాట్లాడేవాళ్లకు 'యసషీ నిహొంగొ', అంటే సులువైన జపనీస్ గురించి చెప్పండి. 1995 హన్షిన్ భూకంపంలో విదేశీయులకు హెచ్చరికలు అర్థం కాని అనుభవం నుంచి పుట్టిన పద్ధతి అది. ఒక వాక్యంలో ఒక్క విషయం, చివర 'దెస్', 'మస్' అనే మర్యాద రూపం, కష్టమైన సమాసాల బదులు మామూలు మాట. జపాన్‌లో చాలా స్థానిక ప్రభుత్వాలు వాడుతున్నాయి, ఆయన వినే ఉంటారు. డబ్బిచ్చే ఆలోచన ఉంటే ముందు ఆయన వీసా షరతులు, కంపెనీ అనుమతి చూసుకోండి.

మీ పిల్లలు ఫ్యాక్టరీ వైపు వెళ్లేవాళ్లయితే పుస్తకంలో లేని రెండు విషయాలు కలపండి. ఒకటి 'హోరెన్‌సో': చెప్పిన పని ఎక్కడిదాకా వచ్చిందో నివేదించడం, సమాచారం తెలియజేయడం, చిక్కు వస్తే ముందే సంప్రదించడం. 'అయిపోతుంది సార్' అని నెట్టుకొచ్చే మన అలవాటు దీనికి అడ్డం కాబట్టి, 'ఇంకా కాలేదు, ఇంత ఆలస్యమవుతుంది' అనే వాక్యాలు ముందుగా నేర్పాలి. రెండోది అంకెలు. వాళ్లకు పెద్ద కొలత 'మన్', అంటే పదివేలు. మన లక్ష 'జూమన్', పది లక్షలు 'హ్యకుమన్', కోటి 'ఇస్సెన్‌మన్', పది కోట్లు 'ఇచిఒకు'. దుబాసీలు తరచూ సున్న జారవిడిచేది ఇక్కడే. రోజుకు పది అంకెలు, రెండు వైపులా, కాగితం లేకుండా.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. కేర్ వర్కర్‌గా జపాన్ వెళ్లాలంటే జేఎల్‌పీటీ రాయాలా, జేఎఫ్‌టీ బేసిక్ రాయాలా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

'స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్' వీసాకు జేఎల్‌పీటీ ఎన్4 అయినా, జేఎఫ్‌టీ బేసిక్ అయినా చెల్లుతుంది. రెండోది కంప్యూటర్ మీద 60 నిమిషాల పరీక్ష, 250కి 200 రావాలి, ఫలితం అక్కడే తెరపై కనిపిస్తుంది. కేర్ రంగానికి వీటితో పాటు నైపుణ్య పరీక్ష, సంరక్షణ జపనీస్ పరీక్ష విడిగా ఉంటాయి. వాటిని మరిచి భాషా పరీక్షతోనే పని అయిపోయిందనుకోకండి.

ప్రశ్న: మా సంస్థ చిన్నది. జపాన్ ఫౌండేషన్ నుంచి సాయం దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, కుప్పం

వ్యక్తి పేరుతో కాదు, సంస్థ పేరుతో అడగాలి. ఫౌండేషన్ ఏటా జపనీస్ బోధన కార్యక్రమాలకు గ్రాంట్లు పిలుస్తుంది. ఉపాధ్యాయుల సెమినార్లు, వక్తృత్వ పోటీలు, బోధన సామగ్రి లాంటి నిర్దిష్టమైన పనులకు అడిగితే మేలు. దరఖాస్తులు వెనక్కి రావడానికి కారణం చాలాసార్లు పెద్ద ఆశయాలు, చిన్న లెక్కలు. 'జిల్లాలో జపనీస్ అభివృద్ధి' అని రాయకండి. 'ఎనిమిది మంది టీచర్లకు రెండు రోజుల లిపి బోధన శిక్షణ, ఫలానా తేదీ, ఫలానా గది' అని రాయండి. ప్రతి ఖర్చుకూ కొటేషన్, మీరు పెట్టుకునే వాటా ఎంత, పని అయ్యాక ఎలా కొలుస్తారు అన్నవి ఉండాలి. వాళ్ల ఆర్థిక సంవత్సరం కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, ఆరు నెలల ముందు నుంచే కాగితాలు కూడగట్టండి. ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, సాంస్కృతిక కార్యక్రమాలకు అక్కడ మాట్లాడండి.

ప్రశ్న: మూడేళ్లుగా ఎన్5 మాత్రమే చెబుతున్నాను. నా సొంత జపనీస్ తగ్గిపోతోంది. ఏం చేయాలి?
— ఒక టీచర్, రేణిగుంట

రోజూ నెమ్మదిగా, చిన్న వాక్యాలే మాట్లాడుతుంటే నోరు అక్కడికే అలవాటు పడుతుంది. స్థానిక గురువులందరికీ వచ్చే సమస్య ఇది. తరగతి లేని గంట ఒకటి రోజూ మీకోసం ఉంచుకోండి. ఇరవై నిమిషాలు వార్తలు విని అదే వేగంతో వెంట పలకండి. ఇరవై నిమిషాలు మీ స్థాయికి మించిన వచనం చదవండి. మిగతా సమయంలో ఆ రోజు తరగతిలో జరిగింది జపనీస్‌లో పది వాక్యాలు రాసి, వారానికోసారి మీకంటే పై స్థాయివాళ్లతో దిద్దించుకోండి. జపాన్ ఫౌండేషన్ 'మినాతో' వేదికలో ఆన్‌లైన్ కోర్సులున్నాయి, వాటిలో చేరితే గడువు తేదీలు మిమ్మల్ని నడిపిస్తాయి. వచ్చే ఏడాది కాలేజీని ఒక ఎన్4 బ్యాచ్ అడగండి, పదిమందే వచ్చినా సరే. ఎన్2కు 180కి 90 కావాలి, మూడు భాగాల్లోనూ 60కి 19 చొప్పున దాటాలి. డిసెంబరు పరీక్ష తేదీ పెట్టుకుని ఈ వారమే మొదలుపెట్టండి.